గుప్పెడు తీసి పక్కన పెట్టండి

ఈ నెల ఉత్తరాలు చదువుతుంటే అన్నీ ఒకే గల్లీలోంచి వచ్చాయా అనిపించింది. పక్కింట్లో పొయ్యి సరిగ్గా వెలగడం లేదు, మన చర్చి ఏం చేయాలి, ఎట్లా చేయాలి అని అందరూ అడిగారు. కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నాది కాజీపేట. 31 ఏళ్లు సర్కారు దవాఖానల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన రైల్వేలో ఫిట్టర్, ఇప్పుడు లేడు. మా సంఘంలో స్త్రీల సమాజం లెక్కల పుస్తకం 12 ఏళ్లుగా నా దగ్గరే ఉంది. అయ్యగార్ల లాగా వాక్యం చెప్పడం నాకు రాదు. పద్దులు మాత్రం చెప్పగలను.

ప్రశ్న: పెద్దమ్మా, వందనాలు. మాది పరకాల దగ్గర ఊరు. పోయిన క్రిస్మస్‌కు మా యూత్ వాళ్లం పైసలు పోగు చేసి ఇరవై ఇళ్లకు బియ్యం, నూనె, చీర ఇచ్చాం. స్టేజీ మీదకు పేరు పేరునా పిలిచి అయ్యగారి చేతుల మీదుగా ఇప్పించాం. ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాం. మా వెనక గల్లీ అక్క ఒకామె అప్పటి నుంచి నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది. అంతకుముందు బాగా మాట్లాడేది. మేం చేసిన తప్పేంటి?
– పేరు వద్దు, 23 ఏళ్లు

జవాబు: తప్పేంటో నీకు తెలుసు బిడ్డా. తెలుసు కాబట్టే ఫోటోల సంగతి దాచకుండా రాశావు.

నువ్వొక్కదానివే అనుకోకు. 1990ల్లో ఒక క్రిస్మస్ రోజు మైకు నా చేతిలో ఉంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి కోడలు, భర్త పోయి అప్పటికి నాలుగు నెలలు. నేను గొంతులో జాలి నింపుకొని "భర్త చనిపోయి దిక్కులేక ఉన్న మన సహోదరి" అని పిలిచాను. ఆమె కొడుకు ఏడో తరగతి. మగపిల్లల వరసలో కూర్చున్నవాడు తల వంచాడు, ఆరాధన అయ్యేదాకా ఎత్తలేదు. ఆమె వచ్చింది, రెండు చేతులతో చీర తీసుకుంది, "వందనాలమ్మా" అంది. మరుసటి ఆదివారం నేను చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి ఆ చీర మా అరుగు మీద మడత విప్పకుండా ఉంది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు, కట్టుకోబుద్ధి అంతకన్నా కాలేదు.

ఆమె పేదదని ఆ వాడలో అందరికీ తెలుసు. అయినా తెలిసి ఊరుకోవడం వేరు, కొడుకు ముందర మైకులో చదవడం వేరు.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో చెబుతాను. మా అత్తగారిది దోర్నకల్ వైపు. ఆమె ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేసేది. నెలకోసారి ఆ డబ్బా చర్చికి పోయేది. పిడికెడు బియ్యం కానుక అనేవాళ్లు. దోర్నకల్ అంటే అజరయ్య బిషప్‌గారు సేవ చేసిన ఊరు కదా. 1912లో ఆయన అభిషేకం జరిగింది, ఆంగ్లికన్ సంఘంలో మన దేశం నుంచి మొదటి బిషప్ ఆయనే. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వీళ్లు పేదలు, వీళ్లకు మనమే పెట్టాలి అని ఆయన అనుకోలేదు. వీళ్లూ ఇవ్వగలరన్నాడు. కానుకలు ఇవ్వడం మీద ఒక పుస్తకమే రాశాడు. మా అత్తకు చదువు లేదు, ఆ పుస్తకం ఆమె చూసి ఉండదు. డబ్బా మాత్రం ఒక్కనాడూ మరిచిపోలేదు.

నా గుప్పెడు తూకం వేసి చూశాను, 40 గ్రాములు. మా కోడలిది 35. రోజుకు రెండు పూటలా తీసే కాలం పోయింది. షుగర్ పుణ్యమా అని సగం ఇళ్లల్లో రాత్రికి చపాతీలే. పూటకు 40 గ్రాముల చొప్పున నెలకు కిలో రెండొందల గ్రాములు. మా దగ్గర డబ్బా పెట్టుకున్న ఇళ్లు 46, కాగితం మీద లెక్క 55 కిలోలు. నిజంగా వచ్చేది 40 దాటదు. ఊళ్లకు పోతారు, మరిచిపోతారు, అలుగుతారు.

అన్ని ఇళ్ల బియ్యం కలిపితే ఇంకో చిక్కు ఉంది. దొడ్డువి, సన్నవి, పాతవి, కొత్తవి. ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి పలుకు మీద ఉంటుంది. మొదటి నెల ఆ కలగాపులగం బియ్యాన్నే ఒక ఇంటికి పంపాం. ఆమె మంచిది, మొహం మీదే చెప్పింది: "అమ్మా, మీ బియ్యం కోళ్లకేసిన." అప్పటి నుంచి ఆ బియ్యాన్ని నెల మొదటి ఆదివారం ఆరాధన కాగానే వేలం వేస్తున్నాం. ఉద్యోగాలున్నవాళ్లు పంతానికి పాడతారు, కొని మర పట్టించి సర్వపిండికి వాడుకుంటారు. నగదు మా పుస్తకంలోకి వస్తుంది. పైగా 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. కార్డున్న ఇంట్లో ఇప్పుడు బియ్యానికి అంత కటకట లేదు. గ్యాసు, ఇంటి కిరాయి, బీపీ గోళీలు, పిల్లల బస్ పాస్ దగ్గర తెగుతోంది. మీరిచ్చిన ఇరవై బియ్యం సంచుల్లో ఎన్ని ఇళ్లకు నిజంగా బియ్యమే కావాలో ఎవరైనా అడిగారా?

ఇచ్చే పద్ధతి కూడా మార్చాం. మా గల్లీ కిరాణం సేటుతో మాట్లాడుకున్నాం. ఫలానా ఇంటి ఉద్దెర ఖాతాలో ఇంత కొట్టెయ్యి అంటాం, పైసలు కడతాం. ఆమె ఎప్పటిలాగే పోయి తనకు కావలసింది తెచ్చుకుంటుంది. ఎవరు కట్టారని అడిగితే సేటు "మీ దగ్గరివాళ్లే" అంటాడు. ఆయన మార్వాడీ. మా చర్చిలో అడుగు పెట్టింది లేదు, మా గుట్టు మాత్రం ఆయన కడుపులోనే ఉంది.

ఇక ఆ అక్క సంగతి. ఫోటోలు తీసేయించు, మీ గ్రూపులో ఎవరి ఫోన్లో ఉన్నా సరే. తర్వాత ఒక సాయంత్రం చేతిలో ఏమీ లేకుండా వాళ్లింటికి పో. క్షమాపణలు పెద్దగా చదవకు, ఆమెకు అదింకో స్టేజీ అవుతుంది. "అక్కా, ఇంత చింతపండు ఉంటే ఇయ్యి, కూర పొయ్యి మీదున్నది" అని అడుగు. ఆమె ఇస్తుంది. వారం తర్వాత నువ్వు తిరిగిచ్చెయ్యి. తర్వాతి మాటలు మీ ఇద్దరికే తెలుస్తాయి.

ప్రశ్న: అమ్మా, నేను మెట్‌పల్లిలో సంఘ పెద్దను. మా చర్చి ఎదురింటి చెల్లె బీడీలు చుడుతుంది. గ్రూపు లోన్లు మూడున్నాయి. చర్చి ఫండులోంచి 40,000 అప్పు అడిగింది. కమిటీలో ఇద్దరు "మనవాళ్లు కాదు కదా" అన్నారు. ఒకాయన నూటికి రూపాయి మిత్తికి ఇద్దామన్నాడు. మీరేమంటారు?

జవాబు: అన్నా, మిత్తి మాట ఎత్తినాయనతో మొదలుపెడతాను. బీదవాడికిచ్చిన అప్పు మీద వడ్డీ కట్టొద్దని నిర్గమకాండంలోనే ఉంది. ఆయనకు వ్యాపారం తెలిస్తే తన సొంత పైసలతో చేసుకోమనండి. కానుక పెట్టెలో పైసలకు మిత్తి పుట్టించొద్దు.

"మనవాళ్లు కాదు" అన్నవాళ్లకు, దారిలో దెబ్బలు తిని పడున్న పరాయివాణ్ని ఆదుకున్న సమరయుని కథ నేను చెప్పక్కర్లేదు, మీ సండే స్కూల్ పిల్లల్ని అడిగితే అప్పజెబుతారు. నేనొక్కటే అడుగుతాను. మీ ఉపవాస కూటాల మైకు చప్పుడును ఆమె ఎన్నేళ్లుగా భరిస్తోంది? ఆ లెక్కన మీరే ఆమెకు బాకీ.

అయినా 40,000 అప్పు ఇవ్వొద్దనే నా సలహా. పోయినేడు మా వాడలో ఒకామెకు ఇట్లాగే మేం ఒక లోన్ మొత్తం కట్టేశాం. పది రోజులు తిరగకుండా అదే కంపెనీ మనిషి వచ్చి "మీ రికార్డు బాగుంది" అని అంతకన్నా పెద్ద లోన్ చేతిలో పెట్టి పోయాడు. ఆమె తప్పు అనలేను, కొడుకు ఇంటర్ ఫీజు అప్పటికే నెత్తి మీద ఉంది. తప్పు మాది. లోన్ కట్టామే గానీ, ఆ లోన్ ఎందుకు పుట్టిందో అడగలేదు.

తర్వాత బుద్ధొచ్చి ఏం చేశామంటే, ఇద్దరు ఆడవాళ్లం ఒక పూట ఆమె దగ్గర కూర్చున్నాం. ఒక నోటుబుక్కు, చాయ. ఎవరి దగ్గర, ఎంత తీసుకుంది, ఇంకెన్ని వారాలు, ఏ రోజు కిస్తీ. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి. మూడోది భర్తకే తెలియదు. రాస్తుంటే మధ్యలో లేచి పోయి బిందెలు కడిగింది, మళ్లీ వచ్చి కూర్చుంది. మేం ఆమె కోసం రాయలేదు, ఆమే రాసింది. ఆ పుస్తకం ఆమె దగ్గరే ఉంది.

ఈ మైక్రోఫైనాన్స్ కంపెనీల గ్రూపు లోన్ల కథ మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుల బాధతో మనుషులు పోతుంటే 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో మన హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదంది. వాళ్లు మళ్లీ బైకులేసుకొని గల్లీల్లోకి వచ్చారు. అట్లాగని ఇష్టారాజ్యం కాదు. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నియమాలున్నాయి. ఇంటి మొత్తం అప్పుల కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. తిట్టకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి, ఆమె వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. ఈ మాటలు ఆమెకు చెప్పి ఊరుకోవద్దు. వసూలుకు వచ్చే రోజు మీ ఆడవాళ్లు ఒకరిద్దరు ఆమె పక్కన ఊరికే కూర్చోవాలి. కూర్చుంటే చాలు, వచ్చినవాడి గొంతు దిగుతుంది. ఫిర్యాదు ముందు కంపెనీకి రాసివ్వాలి. 30 రోజుల్లో తెగకపోతే ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు పోవచ్చు, ఫోన్ 14448. వకీలు కావాలంటే 15100, న్యాయ సేవాధికార సంస్థది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితం.

కట్టొద్దని మాత్రం ఆమెకు నేర్పకండి. ఆమె కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్ల మీద పడుతుంది, వాళ్లూ బీడీలు చుట్టేవాళ్లే. ఊళ్లో మహిళా సంఘంలో సభ్యురాలా, అక్కడి నుంచి తక్కువ మిత్తి లోన్ దొరికి ఒకటైనా తీరుతుందా చూడండి. పీఎఫ్ నంబరుందా, బీడీ పింఛను ఎవరికైనా వస్తోందా, పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే బీడీ కార్మికుల స్కాలర్‌షిప్ పెట్టారా అడగండి. మీ ఫండులోంచి ఇవ్వాలనుకుంటే, ఆమె నాలుగో లోన్‌కు పోవడానికి కారణమయ్యే ఖర్చు ఏదో పట్టుకొని అదే కట్టండి. మా దగ్గర ఒక ఇంటికి 5,000 హద్దు పెట్టుకున్నాం. అప్పు అనం. తిరిగిస్తే తీసుకుంటాం, ఇవ్వకపోతే అడగం. అప్పని ఇచ్చామంటే ఆమె మన చర్చి ముందు నుంచి నడవడం మానేసి వెనక గల్లీలోంచి పోతుంది.

ప్రశ్న: మేం ప్రతి ఆదివారం దవాఖాన దగ్గర పేషెంట్ల వెంట వచ్చినవాళ్లకు అన్నం ప్యాకెట్లు ఇస్తాం. ప్యాకెట్‌తోపాటు కరపత్రం పెట్టాలని కొందరు, వద్దని కొందరు. సంఘం రెండు ముక్కలైంది.
– యువజన కార్యదర్శి, నిజామాబాద్

జవాబు: పెట్టొద్దు. ఆకలితో ఉన్నవాడికి కాదనే వీలుండదు. కాదనే వీలు లేనివాడి చేతిలో పెట్టింది సువార్త ఎట్లా అవుతుంది? ఎవరు మీరు అని వాళ్లంతట వాళ్లు అడిగితే చర్చి పేరు చెప్పండి. ప్రార్థన చేయమంటే చేయండి.

మీ జిల్లాలోనే డిచ్‌పల్లి ఉంది కదా తమ్ముడూ. కుష్ఠు రోగుల కోసం ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి 1915లో అక్కడ దవాఖాన పెట్టారు. అది నిలబడడానికి పెద్ద మొత్తం ఇచ్చింది రాజా నర్సాగౌడ్, హిందువు. మిషనరీ దవాఖానకు ఆయన పైసలిస్తూ ఏ షరతు పెట్టి ఉంటే మనకు నచ్చేదో, మన అన్నం ప్యాకెట్ మీదా అదే షరతు పెట్టుకుందాం.

నర్సుగా ఇంకో మాట. ఆదివారం మధ్యాహ్నం మా వరంగల్ ఎంజీఎం దవాఖాన గేటు ముందు అన్నం పంచేవాళ్లు ఒకరినొకరు తోసుకుంటారు. ఒక్కో మనిషి చేతిలో మూడు ప్యాకెట్లు. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఎవరూ ఉండరు. ములుగు, భూపాలపల్లి అడవుల నుంచి, గోదావరి అవతల సిరొంచ నుంచి వచ్చినవాళ్లు వరండాలో గోడకానుకొని ఉంటారు. వాళ్లలో చాలామందికి అన్నం కన్నా ముందు, చేతిలో చీటీ చదివి "రక్తం ఇక్కడ ఇవ్వాలి, స్కానింగ్ అటు" అని చెయ్యి పట్టుకుపోయే మనిషి కావాలి. చాప కావాలి. ఫోన్ ఛార్జింగ్ కావాలి. మీ రెండు ముక్కల్లో ఒక ముక్కను మంగళవారానికి మార్చండి, గొడవ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: వానలకు ముందు చర్చిలో ఏమేం సిద్ధం చేసి పెట్టుకోవాలి? మాది పల్లపు కాలనీ.
– హనుమకొండ

జవాబు: పాత బట్టలు అడగొద్దు. 2023 జూలై ఆఖరి వారం గుర్తుంది కదా. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మొత్తం మునిగిన రోజులు, మన నగరంలోనూ కాలనీలకు కాలనీలు నీళ్లల్లో ఉన్నాయి. మా చర్చి తలుపులు తీసి బట్టలు తెమ్మన్నాం. గుట్ట పడింది. గుండీల్లేని చొక్కాలు, ఒక జరీ షేర్వాణీ, ఎవరిదో పెళ్లి గౌను. వాటిని వేరు చేయడానికే ఆరుగురికి రెండు రోజులు పట్టింది. కావలసినవి లంగాలు, లోపలి బట్టలు, ప్యాడ్లు, టార్పాలిన్లు, చీపుర్లు, పారలు, బ్లీచింగ్ పౌడరు. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలెత్తు బురద ఉంటుంది, అది తీసే కుర్రాళ్లు అన్నిటికన్నా ముఖ్యం. ఇంకోటి, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం తడిసి ముద్దవుతాయి. ఇప్పుడే కాలనీలో అందరివీ ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి. కవర్లు మీరు కొనివ్వండి, ఖర్చు ఎంతో కాదు.

ప్రశ్న: చెల్లే, నాకు 72 ఏళ్లు. మా చర్చివాళ్లు మూడు నెలలుగా నా మందులకు పైసలిస్తున్నారు. ఇంటింటికీ బియ్యం డబ్బాలు పంచినప్పుడు నాకూ ఒకటిచ్చారు. నాకే ఇస్తున్నప్పుడు నేను గుప్పెడు వెయ్యడం దొంగ లెక్క కాదా? చేతులు కూడా వణుకుతున్నాయి. డబ్బా తిరిగిచ్చేద్దామనుకుంటున్నా.
– పోస్టు ముద్ర కాజీపేట

జవాబు: అక్కా, డబ్బా ఇవ్వకు. నీకు మందుల పైసలొచ్చేది ఒక పద్దు, నువ్వు బియ్యం వేసేది ఇంకో పద్దు. పుస్తకంలో రెండూ వేరు వేరు పేజీలు, రాసేదాన్ని నేను చెబుతున్నా.

నా జతలో మెదక్ నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. మెదక్ పెద్ద గుడి, అదే అక్కడి పెద్ద చర్చి, కరువు రోజుల్లో పని దొరకనివాళ్లకు కూలీ ఇచ్చి కట్టించారు, 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ అయింది. ఈమె ఆ గుడి ముచ్చట వచ్చినప్పుడల్లా "మా తాత మోసిన రాళ్లు" అనేది. మా తాత తాగిన గంజి అని ఒక్కసారీ అనలేదు.

చేతులు వణికితే ఏమైంది, గుప్పెడులో నాలుగు గింజలు తక్కువ పడతాయి. అసలు నీలాంటివాళ్లతో మాకు పనుంది. వచ్చే బియ్యంలో రాళ్లుంటాయి, వానాకాలం పురుగు పడుతుంది. కోడళ్లకు ఏరడం రాదు, ఫోన్ చూస్తూ జల్లెడ ఊపుతారు. బుధవారం పొద్దున పదింటికి మా చర్చి వెనక రేకుల షెడ్డులో అయిదారుగురం కూర్చుంటాం. ఏ చర్చి అని ఎవరూ అడగరు. స్టేషన్ వైపు నుంచి వస్తే వేపచెట్టు కింద ఇనుప గేటు, తోస్తే తెరుచుకుంటుంది. కళ్లజోడు మరిచిపోకు. చాటలు మా దగ్గర రెండే ఉన్నాయి, నీది తెచ్చుకో.